పరుగు కొలిచేది ఎంత?
రక్షక సిబ్బంది దేహదారుఢ్య పరీక్షలపై ఒక విమర్శ

తెల్లవారుజామున నంద్యాల మైదానాలలో పరుగెత్తే యువకులను చూడనివారు ఉండరు. ఒకడు గడియారం పట్టుకొని గట్టున నిలబడితే, మిగిలినవారు చుట్లు లెక్కపెట్టుకుంటూ పరుగెత్తుతారు. వారి గురి ఒక్కటే: 1600 మీటర్లు, 8 నిమిషాలు. ఈ రెండు అంకెలు పోలీసు ఉద్యోగం కోరే కుర్రవానికి ఎక్కాలవలె కంఠస్థం.

ఈ కొలమానం రాష్ట్ర పోలీసు నియామక మండలి నిర్ణయించినది. పురుషులు 1600 మీటర్లను 8 నిమిషాలలోను, 100 మీటర్లను 15 సెకన్లలోను పరుగెత్తవలెను; 3.80 మీటర్ల దూరం దుమకవలెను. స్త్రీలకు ఇవే అంశాలు 10 నిమిషాల 30 సెకన్లు, 18 సెకన్లు, 2.75 మీటర్లు. 1600 మీటర్ల పరుగు తప్పనిసరి. సివిల్ కానిస్టేబుల్ అభ్యర్థులకు తక్కిన రెండింటిలో ఒకటి చాలును. 2018 నాటి ప్రకటనలో అగ్నిమాపక శాఖ ఫైర్‌మన్ ఉద్యోగాలకు కూడా ఈ మూడు అంశాలనే పరీక్షగా పెట్టారు. మంటలార్పేవానికీ, దొంగను తరిమేవానికీ పరీక్ష ఒక్కటే అన్నమాట.

ఈ పరీక్షను గురించి సాధారణంగా రెండు మాటలు వినిపిస్తాయి. పరీక్ష మరీ కఠినమని ఓడినవారు అంటారు. సిబ్బందిలో ఎవరికైనా నడుము పట్టివేసినా, మోకాలు బెణికినా, "దేహదారుఢ్యం లేకపోవడమే కారణం, ఇంకా గట్టిగా పరుగెత్తించవలె" అని ఇతరులు అంటారు. రెండు మాటలలోను ఒకే పొరపాటు ఉన్నది. ఈ పరుగు దేహంలోని దేనిని కొలుస్తున్నదో ఎవరూ అడగరు. కొలబద్ద మంచిదా చెడ్డదా అని తేల్చుటకు ముందు అది కొలిచే వస్తువు ఏదో తెలియవలెను గదా!

పరుగులో కండరాలకు ప్రాణవాయువు కావలెను. సమతలంపై పరుగెత్తేవాడు నిమిషానికి తన బరువులో కిలో ఒక్కింటికి ఎన్ని మిల్లీలీటర్ల ప్రాణవాయువు వాడుకుంటాడో చెప్పుటకు వ్యాయామ శాస్త్రజ్ఞులు ఒక సులభ సూత్రం వాడుతారు. నిమిషానికి ఎన్ని మీటర్ల వేగమో దానిని 0.2తో హెచ్చించి, 3.5 కలపవలెను. ఆ 3.5 ఊరక కూర్చున్నవాని ఖర్చు. 1600 మీటర్లు 8 నిమిషాలలో అంటే నిమిషానికి 200 మీటర్లు. 200ను 0.2తో హెచ్చిస్తే 40, 3.5 కలిపితే 43.5. అంటే ఈ పరుగు నెగ్గినవాని గుండె, ఊపిరితిత్తులు, కండరాలు కలిసి కిలోకు, నిమిషానికి సుమారు 43.5 మిల్లీలీటర్ల ప్రాణవాయువును వాడుకోగలవని అర్థం. ప్రాణం బిగబట్టి పరుగెత్తినప్పుడు ప్రాణవాయువు లేకుండానే కండరం కొంత శక్తిని పుట్టిస్తుంది కనుక నిజమైన సంఖ్య కాస్త తక్కువ కావచ్చును. లెక్కకు 43.5 చాలును.

ఈ సంఖ్యకు ఒక విశేషం ఉన్నది. అమెరికాలో అరిజోనా రాష్ట్రపు టూసాన్ నగర అగ్నిమాపక సిబ్బందిని 2005 నుండి 2009 వరకు పరిశీలించి, ప్రాణవాయు వినియోగానికీ గాయాలకూ గల సంబంధాన్ని 2014లో ప్రకటించారు. కిలోకు 48 మిల్లీలీటర్లు మించినవారితో పోల్చగా, 43కు లోపున ఉన్నవారు గాయపడే అవకాశం 2.2 రెట్లు, 43కు 48కి మధ్యనున్నవారికి 1.38 రెట్లు. మన 8 నిమిషాల పరుగు సరిగ్గా 43 గీత దగ్గరకే తెచ్చి విడుస్తున్నది. కాబట్టి పరీక్ష మరీ కఠినమనే మాట నిలువదు. నెగ్గినవాడు అధమ తరగతి గడప దాటాడు, అంతే.

అయితే గడప దాటినది ఏ రోజున? పరీక్ష రోజున! 2022 నవంబరులో 6,100 కానిస్టేబుల్ ఉద్యోగాలకు ప్రకటన వెలువడగా, దేహదారుఢ్య పరీక్షలు మొదలైనది 2024 డిసెంబరు చివర. రెండేళ్ళు ఎదురుచూస్తూ పరుగెత్తిన కుర్రవాడు ఆ ఉదయం ఎనిమిది నిమిషాలు నెగ్గి ఇంటికి వెళ్ళాడు. ఆ తరువాత అతని ఉద్యోగ జీవితం ముప్ఫై ఏళ్ళ పైమాట. వ్యాయామం మానినవానిలో ప్రాణవాయు వినియోగ శక్తి ముప్ఫయ్యవ ఏట నుండి దశాబ్దానికి సుమారు 10 శాతం వంతున తరుగుతుంది. ఆ లెక్కన నలభై అయిదేళ్ళకు 43.5 కాస్తా 37కు దిగుతుంది. సూత్రాన్ని తిరగవేసి చూస్తే 37తో 1600 మీటర్లు పరుగెత్తుటకు సుమారు 9 నిమిషాల 33 సెకన్లు పడుతుంది. మాజీ సైనికులకు మండలి ఇచ్చిన సడలింపు 9 నిమిషాల 30 సెకన్లు; నలభై అయిదేళ్ళవాడు దానిని కూడా అందుకోలేడు. ఇది ఆ మనిషి తప్పు అనలేము. ఎన్నడో ఒకసారి కొలిచిన సంఖ్యను ముప్ఫై ఏళ్ళు నమ్ముకొనుట లెక్క తెలిసినవారు చేసే పని కాదు. బియ్యం తూచే కాటాకు సైతం ఎప్పటికప్పుడు ముద్ర వేయించాలన్న చట్టం ఉన్నది.

ఇక అసలు పని సంగతి. నంద్యాల నుండి ఆళ్లగడ్డ మీదుగా కడపకు సాగే 40వ నంబరు జాతీయ రహదారిపై రాత్రింబగళ్ళు లారీలు, బస్సులు, కార్లు నడుస్తూనే ఉంటాయి. 2024 మార్చి 6న ఆళ్లగడ్డ మండలం నల్లగట్ల వద్ద ఆగి ఉన్న లారీని కారు ఢీకొని ఒకే కుటుంబానికి చెందిన అయిదుగురు మరణించారు. అటువంటి చోటికి వచ్చే పోలీసులు, అగ్నిమాపక సిబ్బంది, 108 వాహనపు సిబ్బంది 1600 మీటర్లు పరుగెత్తరు. వారు వంగుతారు, లాగుతారు, ఎత్తుతారు, మోస్తారు. 2019 సెప్టెంబరులో కుందూ, మద్దిలేరు పొంగి నంద్యాలలో నీరు నిలిచినప్పుడు సహాయానికి దిగినవారి పని కూడా అదే; పాదం కింద నేల కనిపించదన్నదొక్కటే అదనం. 2005 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన 108 సేవలో వాహనానికి సాధారణంగా ఉండేది ఇద్దరే: బండి నడిపే పైలట్, చికిత్స చేసే సాంకేతికుడు. రోగి ఎంత బరువైనా ఎత్తవలసినది ఆ నాలుగు చేతులే. ఇంటివారో దారిన పోయేవారో చేయి వేస్తే అది అదృష్టం.

ఎత్తుటలో నడుముపై పడే భారాన్ని పదవ తరగతి విద్యార్థి సైతం గణించగలడు. రోగి 70 కిలోలు, స్ట్రెచరు 20 కిలోలు అనుకుందాం. ఇద్దరు పంచుకుంటే తలకు 45 కిలోలు, అనగా సుమారు 440 న్యూటన్లు. నడుము దిగువన, కడపటి వెన్నుపూస త్రికాస్థిని కలిసే చోటును ఆధారబిందువు అనుకోవలెను. నేలపై ఉన్న స్ట్రెచరును వంగి అందుకొనేటప్పుడు చేతులలోని బరువు ఆ బిందువుకు 45 సెంటీమీటర్లు ముందుకు ఉంటుంది. దాని భ్రామకం 440ని 0.45తో హెచ్చించగా 198 న్యూటన్ మీటర్లు. ఎత్తేవాని సొంత మొండెం, తల, చేతులు కలిసి 40 కిలోలుంటే, వంగినప్పుడు ఆ బరువు 25 సెంటీమీటర్లు ముందుకు వచ్చి మరొక 98 కలుపుతుంది. మొత్తం 296. ఈ భ్రామకాన్ని నిలబెట్టవలసినవి వెన్ను వెనుకనున్న కండరాలు. ఆధారబిందువు నుండి వాటి దూరం ఎంత? సుమారు 5 సెంటీమీటర్లు మాత్రమే! 296ను 0.05తో భాగిస్తే 5,920 న్యూటన్లు. కండరం అంత బలంతో లాగితే వెన్నుపూసల మధ్యనుండే మెత్తని బిళ్ళ అంత బలంతోనూ నలుగుతుంది. బరువు స్వయంగా నొక్కేది దీనికి అదనం. అమెరికా వృత్తి భద్రతా సంస్థ ఈ బిళ్ళపై 3,400 న్యూటన్లకు మించి పడరాదని సూచించినది.

అదే మనిషి మోకాళ్ళు వంచి, నడుము నిటారుగా ఉంచి, స్ట్రెచరు పట్టును పొట్టకు దగ్గరగా, 25 సెంటీమీటర్ల దూరాన పట్టుకున్నాడనుకుందాం. అప్పుడు బరువు భ్రామకం 110, మొండెం భ్రామకం 40. కండర బలం సుమారు 3,000 న్యూటన్లు. సగానికి దిగినది! ఇందుకు దేహదారుఢ్యం ఇసుమంతైనా పెరగలేదు. దూరం తగ్గినది, అంతే. కాని ఇక్కడ ఆగి "సరిగా ఎత్తుట నేర్పితే చాలును" అని సంతోషించరాదు. ఆ 3,000కు శరీరపు బరువు, మోసే బరువు కలిపితే 3,800 దాటుతుంది. సూచించిన హద్దుకు అప్పటికీ పైనే. పైగా బోల్తాపడిన కారులో, పక్కకు తిరిగి, ఒక కాలు గుంతలో పెట్టి ఎత్తవలసి వచ్చినవానికి నిటారు నడుము పాఠం ఎక్కడ ఉపయోగం?

ఆ సంస్థయే 1991లో సవరించిన ఎత్తుడు సూత్రం ప్రకారం, అన్ని పరిస్థితులు అనుకూలంగా ఉన్నప్పుడు ఒకడు ఎత్తదగిన బరువు 23 కిలోలు. మనుషులను ఎత్తే సందర్భానికి నిపుణులు దానిని 2007లో 16 కిలోలకు కుదించారు. మనిషి బస్తా కాదు గదా: కదులుతాడు, మూలుగుతాడు, ఒకవైపుకు జారిపోతాడు, పట్టుకొనుటకు చెవులు ఉండవు. మన 90 కిలోలను నలుగురు పంచుకుంటే తలకు 22.5 కిలోలు. 16 కిలోల హద్దు పాటించాలంటే ఆరుగురు కావలెను. వాహనంలో ఉన్నది ఇద్దరు. ఈ భాగాహారంలో పరుగు పందెం ప్రసక్తి ఎక్కడా లేదు.

ఈ సూక్ష్మం తెలుసుకొనుటకు దూరం పోనక్కరలేదు. ఆళ్లగడ్డ శిల్పుల పనిచోట్లకు వెళ్ళి చూస్తే చాలును. దేవతామూర్తులు చెక్కే ఆ చేయితిరిగినవారు పెద్ద బండను గుండెకు హత్తుకొని లేపుదామని తలపెట్టరు. గడ్డపార అంచు కింద దూర్చి, చిన్న రాయిని ఆధారంగా పెట్టి, బండను ఒకవైపు లేపి, కింద దుంగలు వేసి దొర్లిస్తారు. ఇది బలహీనుల పద్ధతి అని వారిని ఎవరూ ఎగతాళి చేయరు. ఆళ్లగడ్డకు దగ్గరలోని ఎగువ అహోబిలంలో జ్వాలా నరసింహుని సన్నిధికి నడవలేని యాత్రికులను రాళ్ళ దారిన డోలీలో మోసేవారిని గమనించినా అంతే. బొంగు భుజంపై ఉంటుంది. భుజం వెన్నుకు దాదాపు నిలువునా పైన ఉన్నది కనుక భ్రామకం బహు స్వల్పం. 35 కిలోల వంతు మోసేవాని వెన్నుపై అదనంగా పడేది ముఖ్యంగా ఆ 35 కిలోల బరువే, సుమారు 340 న్యూటన్లు. అంత బరువునే చేతులు ముందుకు చాచి పట్టుకుంటే వేల న్యూటన్లు. డోలీవాని ఊపిరికి పరీక్ష ఉన్నది, మోకాలికి పరీక్ష ఉన్నది. నడుమును మాత్రం అతడు కాపాడుకున్నాడు. చక్రాల స్ట్రెచరు, జారుడు పలక, భుజాన తగిలించుకొనే పట్టీ, మెట్లు దిగే కుర్చీ వంటి సాధనాలన్నీ గడ్డపార, డోలీ బొంగుల తోబుట్టువులే. అవి లేనిచోట "ఇంకా గట్టిగా పరుగెత్తించండి" అనుట, గడ్డపార ఇవ్వకుండా శిల్పిని దండీలు తీయమనుట వంటిది.

అట్లని దేహదారుఢ్యంతో పనిలేదనుకుంటే అది మరొక అతి. లాస్ ఏంజెలస్ కౌంటీ అగ్నిమాపక సిబ్బందిలో 1,652 మందిని 1971 నుండి 1974 వరకు పరీక్షించిన ఫలితాలు 1979లో వెలువడినవి. వంగే గుణం, ఎత్తే బలం, సైకిలు తొక్కుటలో గుండె పనితనం వగైరాలు కొలిచి వారిని మూడు తరగతులుగా విడదీశారు. అధమ తరగతిలోని 266 మందిలో 19 మందికి వెన్ను గాయాలైనవి. మధ్యమంలోని 1,127 మందిలో 36 మందికి. ఉత్తమంలోని 259 మందిలో ఇద్దరికే. శాతాలలో 7.1, 3.2, 0.8. తొమ్మిది రెట్ల తేడా! ఈ తేడాను చూపి వ్యాయామమే సర్వరోగనివారిణి అని వ్రాసినవారు చాలామంది. అయితే ఆ పరీక్షలో పరుగు ఒక్కటే లేదు. ఎత్తే బలం, వంగే గుణం కూడా ఉన్నవని వారు మరచారు. ఉత్తమ తరగతిలో గాయపడినవారు ఇద్దరే కనుక, మరొక ఇద్దరు కాలు జారి ఉంటే తొమ్మిది రెట్లు అయిదు రెట్లకు దిగేదని కూడా గమనించలేదు. సన్నని సంఖ్యలపై లావుపాటి మాటలు కట్టరాదు. పైగా దారుఢ్యం తక్కువైనవారు వయసు మీరినవారు, పాత నొప్పులున్నవారు కూడా కావచ్చును గదా అన్న ప్రశ్నను ఏ ఉపాధ్యాయుడైనా తరగతిలో వేయించవలెను.

2019లో పత్రికలకెక్కిన దండీల పరిశోధన సంగతీ ఇంతే. ఇండియానా రాష్ట్రంలో 1,104 మంది ఫైర్‌మన్లను పదేళ్ళు గమనించగా, 40కి మించి దండీలు తీసినవారికి, 10కి లోపు తీసినవారికంటె గుండె, రక్తనాళాల జబ్బులు 96 శాతం తక్కువ అని తేలినది. వెంటనే 40 దండీలు తీస్తే గుండెజబ్బు రాదన్న ప్రచారం మొదలైనది. పదేళ్ళలో జబ్బుపడినవారు అందరూ కలిసి 37 మంది మాత్రమే. దండీలు ఆరోగ్యానికి గుర్తు కావచ్చును. కారణమని ఆ అధ్యయనం రుజువు చేయలేదు. జ్వరమానిని చన్నీళ్ళలో ముంచితే జ్వరం తగ్గదు.

పోతే టూసాన్ సిబ్బంది గురించి 2012లో వెలువడిన లెక్క వినసొంపుగా ఉండదు. వారికి తగిలిన గాయాలలో దాదాపు మూడవ వంతు వ్యాయామం చేస్తుండగా తగిలినవే. మంటల దగ్గర తగిలినవి పదవ వంతు మాత్రమే. గాయాలు తప్పించుటకు చేయించే వ్యాయామమే గాయాలకు పెద్ద మూలమైనది! ఇందులో వింత లేదు. ఏడాది పొడుగునా కదలనివానిని ఒక ఉదయం పిలిచి పరుగెత్తించుట ప్రమాదం. 2024 ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో జార్ఖండ్‌లో ఎక్సైజు కానిస్టేబుళ్ళ ఎంపికకు గంటలో 10 కిలోమీటర్ల పరుగు పెట్టినప్పుడు పదిమందికి పైగా అభ్యర్థులు ప్రాణాలు కోల్పోయారు. కొలబద్దయే కత్తి అయినది.

ఎండ విషయం నంద్యాలవారికి చెప్పనక్కరలేదు. వేసవిలో 44 డిగ్రీలు దాటే ఊరిలో మందపాటి రక్షణ కోటు తొడిగి పనిచేసే ఫైర్‌మన్ నిమిషానికి 2 లీటర్ల ప్రాణవాయువు వాడుతున్నాడంటే, అతని దేహంలో నిమిషానికి 40 కిలోజౌళ్ళ శక్తి ఖర్చవుతున్నదని అర్థం. అందులో సుమారు 32 వేడిగానే మిగులుతుంది. 75 కిలోల దేహం ఒక్క డిగ్రీ వేడెక్కుటకు 260 కిలోజౌళ్ళు చాలును. చెమట కోటులో చిక్కుకొని ఆరకపోతే ఎనిమిది నిమిషాలకొక డిగ్రీ! చిత్రమేమంటే అది మన 1600 మీటర్ల పరుగు కాలమే. ఎంత దారుఢ్యమున్నా భౌతిక శాస్త్రం అతనికి మినహాయింపు ఇవ్వదు; నీరు, నీడ, వంతులవారీ విశ్రాంతి ఇవ్వవలసినది పై అధికారి. అమెరికాలో 1994 నుండి 2004 వరకు విధి నిర్వహణలో గుండెజబ్బుతో మరణించిన ఫైర్‌మన్లలో 32 శాతం మంది మంటలార్పే సమయంలోనే పోయారు. ఆ పనికి పట్టేది వారి ఉద్యోగ కాలంలో 1 నుండి 5 శాతమే.

పరుగులో మరొక లోపం ఉన్నది, అది గణితంలో దాగినది. 43.5 అన్నది కిలో ఒక్కింటికి లెక్క. 55 కిలోలవాడు, 75 కిలోలవాడు ఇద్దరూ ఎనిమిది నిమిషాలలో నెగ్గితే ఇద్దరూ సమానులని పరీక్ష అంటుంది. మొత్తం మీద మొదటివాని శక్తి నిమిషానికి 2.4 లీటర్లు, రెండవవానిది 3.3. ఇద్దరి వీపున 20 కిలోల శ్వాస పరికరం, కోటు, బూట్లు వేసి చూస్తే, మోసే బరువుతో కలిపి కిలోకు మొదటివానికి మిగిలేది 32, రెండవవానికి 34. స్ట్రెచరు చేతిలో పెడితే వ్యత్యాసం ఇంకా హెచ్చుతుంది. ఒళ్ళు తేలికైనవానికి పరుగు అనుకూలం; మోత అనుకూలం కాదు. ఎంపిక అంతా పరుగుపై నడిస్తే మోతకు తగినవాడు మైదానంలోనే వెనుకబడవచ్చును.

మరి ఏది కొలవవలెను? పనినే కొలవవలెను. రెండు అంతస్తుల మెట్లు, 20 కిలోల స్ట్రెచరు, దానిపై 70 కిలోల ఇసుక బస్తాలు, ఒక గడియారం చాలును. ఇసుకను సమంగా పరచరాదు. మనిషి గురుత్వకేంద్రం నాభికి కాస్త దిగువన, పొడవులో సగానికి పైన ఉంటుంది కనుక తలవైపు పట్టినవానికి ఎక్కువ బరువు పడుతుంది. మెట్లు దిగేటప్పుడు మాత్రం బరువు దిగువవానిపైకి జరుగుతుంది. ఇద్దరూ స్థానాలు మార్చుకొని రెండుసార్లు దిగవలెను. ఈ పరీక్ష ఉద్యోగంలో చేరేనాడు ఒకసారి, ఆపైన ఏడాదికొకసారి జరగవలెను. తప్పినవానిని ఇంటికి పంపుటకు కాక, మూడు నెలలు తర్ఫీదు ఇచ్చుటకు. ఇద్దరూ దింపలేకపోయిన బరువు ఎంతో వ్రాసిపెట్టుకుంటే, మూడవ మనిషిని ఎప్పుడు పిలువవలెనో, ఏ వాహనానికి మెట్ల కుర్చీ కావలెనో ఆ సంఖ్యయే చెబుతుంది. సిబ్బందికి నడుము నొప్పి వచ్చిన ప్రతిసారీ ఎత్తిన బరువు, పట్టిన చేతులు ఎన్ని, మెట్లు ఎన్ని, ఎన్నవ గంట డ్యూటీ అన్న నాలుగు గడులు గల ఒక నోటు పుస్తకం నంద్యాలలోను ఆళ్లగడ్డలోను ప్రతి వాహనంలో ఉంచుటకు పెద్ద ఖర్చేమీ కాదు.